కొండల్లో కెమెరా: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఎత్తైన కొండల్లో అడవి జంతువుల్ని గమనించడం, వీడియో తీయడం గురించి వచ్చిన ఉత్తరాలకి ఈసారి జవాబులు. ఒకే సందేహాన్ని చాలామంది అడిగిన చోట ప్రశ్నల్ని కలిపేశాం.

ప్రశ్న: మంచు చిరుత కోసం ఐదు రోజులు ఒకే లోయలో కూర్చున్నాం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా స్పాటింగ్ స్కోప్ (ట్రైపాడ్ మీద పెట్టే ఒంటికన్ను దూరదర్శిని) లోంచి కన్ను తియ్యలేదు. తోక కూడా కనబడలేదు. లోయలో చిరుత తిరుగుతోందని మంచులో అడుగుజాడలు చెబుతూనే ఉన్నాయి. పొరపాటు ఎక్కడ?

జవాబు: స్కోప్‌లోంచి కన్ను తియ్యకపోవడమే పొరపాటు. 60 రెట్లు చూపించే స్కోప్‌లో కిలోమీటరు దూరాన మీకు కనబడేది సుమారు 17 మీటర్ల వెడల్పు. పది రెట్లు చూపించే 10×42 బైనాక్యులర్స్‌లో అదే దూరాన దాదాపు 110 మీటర్లు కనబడుతుంది. స్కోప్‌తో కొండంతా గాలించడం సూది బెజ్జంలోంచి పొలాన్ని చూడటం లాంటిది. వెతకడానికి బైనాక్యులర్స్, అనుమానం తీర్చుకోవడానికి స్కోప్. బైనాక్యులర్స్‌ని కూడా ట్రైపాడ్ మీద బిగించండి. చేత్తో పట్టుకుంటే మన చేతి వణుకులో దాని చెవి కదలిక కలిసిపోతుంది.

చూసే వరస ఒకటి పెట్టుకోండి. ఇంకా చీకటి విడుతుండగానే కొండ గట్ల అంచులు చూడాలి. రాత్రంతా తిరిగిన జంతువు ఆకాశం ముందు నల్లగా తేలి కనబడేది అప్పుడే. వెలుగొచ్చాక చరియల మొదళ్లు, తర్వాత బండల మీది అరుగులు, నీడ పట్టిన గూళ్లు. కొండని అడ్డంగా పట్టీలుగా ఊహించుకుని, ఒక్కో చూపులో కనబడే భాగంలో సగం మేరే పక్కకి జరగండి. ప్రతిచోటా ఐదారు సెకన్లు ఆగండి. మొత్తం అయిపోతే మళ్లీ మొదటికి రావాలి. అరగంటలో ఎండ కోణం మారి, ఇందాక బండ అనుకున్నదానికి నీడ పడుతుంది, మీసాలు వస్తాయి. చిరుత పగలు ఎక్కువసేపు పడుకునే ఉంటుంది కాబట్టి కదలిక కోసమే చూస్తే దొరకదు. ఆకారం కోసం చూడాలి. దాదాపు మీటరు పొడవుండే ఆ లావుపాటి తోక చాలాసార్లు దాన్ని పట్టిస్తుంది.

ఇంకో దారి, మా దృష్టిలో ఇదే మేలైంది: చిరుతని పక్కనపెట్టి అది వేటాడే భరల్ (కొండగొర్రె) మందనో ఐబెక్స్ (కొండమేక) మందనో చూస్తూ కూర్చోవడం. ప్రశాంతంగా ఉన్న మందలో కొన్ని మేస్తుంటాయి, కొన్ని పడుకుని నెమరు వేస్తుంటాయి, తలలు తలో దిక్కున ఉంటాయి. ఉన్నట్టుండి నెమరు ఆగి, తలలన్నీ ఒకే వైపు తిరిగి, ఈల లాంటి కూత వినబడిందంటే ఆ చూపుల గీతని పొడిగించి అక్కడ వెతకండి. పక్షులు కూడా చెబుతాయి. మాల్కాకులు ఒకే చోట వాలడం, లేవడం, రాబందులు బండల మీద కూర్చుని కిందికి దిగడానికి జంకడం చూస్తే అక్కడ చచ్చిన జంతువు ఉంది, దాన్ని చంపినది కూడా పక్కనే ఉండొచ్చు. పెద్ద వేట దొరికితే మంచు చిరుత దాని దగ్గరే చాలా రోజులు, ఒక్కోసారి వారం దాకా ఉండిపోతుంది. మీ ట్రిప్‌లో అంతకన్నా మంచి అవకాశం రాదు.

కాలం కూడా లెక్కే. జనవరి నుంచి మార్చి మధ్య దాకా మంచు చిరుతలు జత కట్టే రోజులు. గట్ల మీద, కనుమల్లో, చరియల మొదళ్లలో నేల గోకడం, ముందుకి వంగిన బండల మీద వాసన చల్లడం ఎక్కువవుతుంది. పగలు కూడా తిరుగుతాయి. పైగా మంచు వల్ల మేకలు, గొర్రెలు కిందికి దిగుతాయి, వాటి వెనక ఇదీ దిగుతుంది.

ప్రశ్న: గాలి మా వైపు వీస్తోందని చూసుకునే బయల్దేరతాం. సగం దూరం వెళ్లేసరికి ఐబెక్స్‌లు లేచి వెళ్లిపోతాయి. అంత దూరం నుంచి ఎలా పసిగడుతున్నాయి?

జవాబు: మీరు బయల్దేరినప్పటి గాలి, సగం దూరం చేరేసరికి ఉండదు. కొండగాలి రోజుకి రెండుసార్లు దిక్కు మార్చుకుంటుంది. రాత్రి చల్లబడి బరువెక్కిన గాలి వాలు వెంట కిందికి జారుతుంది. తెల్లవారాక ఎండ తగిలి వాలు వేడెక్కితే అదే గాలి పైకి లేస్తుంది. తెల్లవారుజామున కింద నుంచి ఎక్కడం మొదలుపెట్టారు, అప్పటికి సరే. మధ్యలో ఎండొచ్చింది, గాలి తిరిగింది, మీ వాసన మీకంటే ముందే మంద దగ్గరికి చేరింది.

తూర్పు వాలు మీద ఈ మార్పు ముందు వస్తుంది, పడమటి వాలు మీద ఆలస్యంగా. ఎండ పడ్డాక గంటా రెండు గంటలు గాలి ఎటూ తేలకుండా తిరుగుతుంది. ఆ సమయంలో దగ్గరికి వెళ్లే ప్రయత్నమే వద్దు, కూర్చుని చూడండి. గాలి పైకి వీయడం స్థిరపడ్డాక మీరు మందకి పైన ఉండాలి. దీంట్లో ఇంకో లాభం ఉంది. కొండమేకలు ప్రమాదం కింద నుంచి వస్తుందని ఎక్కువగా కిందికే చూస్తాయి. పైన ఉన్నప్పుడు రెండు జాగ్రత్తలు: గట్టు అంచున నిలబడి ఆకాశం ముందు మనిషి ఆకారం చూపించొద్దు, కాలి కింద రాళ్లు దొర్లించొద్దు. సన్నటి పౌడరు ఉన్న చిన్న పిసికే సీసా జేబులో పెట్టుకుని పది నిమిషాలకోసారి చిలకరించి చూడండి. వేలు తడిపి చూసే పద్ధతికి ఈ మెల్లటి గాలులు అందవు. ఇరుకు వాగుల్లో, గిన్నె ఆకారపు లోయల్లో గాలి సుడి తిరుగుతుంది, అక్కడ ఏ లెక్కా నిలవదు.

అవి మిమ్మల్ని గమనించాయని ఒక్కసారిగా తెలియదు, మెట్లు మెట్లుగా తెలుస్తుంది. నెమరు ఆగుతుంది. తల లేస్తుంది. పడుకున్నది లేచి నిలబడుతుంది. చెవులు రిక్కించి మీవైపే చూస్తుంది. ముందు కాలితో నేల తడుతుంది. ఆ తర్వాత ఈల, పరుగు. మొదటి మెట్టులోనే ఆగి, కూర్చుని, చూపు పక్కకి తిప్పండి. మళ్లీ మేత మొదలుపెడితేనే కదలాలి, అదీ నేరుగా కాకుండా ఏటవాలుగా, ఎటో వెళ్తున్నట్టు. మూడో మెట్టు దాటితే ఆ రోజుకి వెనక్కి రావడమే. ఆల్ప్స్‌లోని ఐబెక్స్‌లు చలికాలంలో గుండె వేగాన్ని, ఒంటి వేడిని తగ్గించుకుని ఒంట్లోని కొవ్వుని పొదుపుగా వాడతాయి. లోతు మంచులో వాటిని ఒకసారి పరిగెత్తిస్తే ఆ పొదుపుకి గండి కొట్టినట్టే.

దూరం ఎంత అని చాలామంది అడిగారు. అమెరికాలోని ఎల్లోస్టోన్ పార్కులో ఎలుగుబంట్లకి, తోడేళ్లకి, ప్యూమాలకి (అక్కడి పెద్దపిల్లి) 100 గజాలు, మిగతా పెద్ద జంతువులకి 25 గజాలు అన్నది నియమం. అది కనీస దూరమే. మనుషుల్ని రోజూ చూసే పార్కు జంతువుల లెక్క, మనిషినే ఎరగని కొండ జంతువులకి సరిపోదు.

ప్రశ్న: 600 మి.మీ. లెన్స్ కొన్నాను. అయినా అర కిలోమీటరులో ఉన్న జంతువు చుక్కలా వస్తోంది, పైగా నీళ్లలోంచి చూసినట్టు మసకగా. 2× ఎక్స్‌టెండర్ తీసుకోమంటారా?

జవాబు: ముందు లెక్క చూడండి. ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ వెడల్పు 36 మి.మీ. 600 మి.మీ. లెన్స్‌తో 500 మీటర్ల దూరాన ఫ్రేములో పట్టే వెడల్పు 30 మీటర్లు. తోక వదిలేస్తే చిరుత ఒళ్లు సుమారు మీటరు పైచిలుకు. 4కె వీడియో వెడల్పు 3840 పిక్సెళ్లు, అందులో మీ జంతువుకి దక్కేవి దాదాపు 140. అదే 100 మీటర్లలో ఉంటే ఫ్రేము వెడల్పు 6 మీటర్లు, జంతువుకి 700 పిక్సెళ్లు.

లెన్స్ వెనక తగిలించి బొమ్మని రెండింతలు చేసే 2× ఎక్స్‌టెండర్ పెడితే 140 కాస్తా 280 అవుతుంది. కానీ మీరు చెప్పిన మసక లెన్స్‌ది కాదు, ఎండమావిది. ఎండకి కాగిన రాయి, దాని పక్కన చల్లటి మంచు, రెండిటి మీదా వేర్వేరు వేడి ఉన్న గాలి పొరలు. వాటి గుండా వచ్చే వెలుగు వంకర్లు పోతుంది. ఎక్స్‌టెండర్ ఆ వంకర్లని కూడా రెండింతలు చేస్తుంది, వెలుగుని రెండు స్టాప్‌లు, అంటే నాలుగో వంతుకి, తగ్గిస్తుంది (ఒక్కో స్టాప్‌కి వెలుగు సగమవుతుంది). ఆ డబ్బు దాచుకోండి.

ఎండమావికి విరుగుడు సమయం, స్థలం. సూర్యుడు ఆ వాలుని తాకక ముందు, మబ్బు పట్టినప్పుడు, కొత్తమంచు అన్నిటినీ సమంగా కప్పినప్పుడు గాలి నిలకడగా ఉంటుంది. మీ చూపు నేలని రాసుకుంటూ పోకూడదు. లోయకి ఇవతలి గట్టు మీద నుంచి అవతలి వాలుని చూస్తే మధ్యలో ఉన్నది ఎక్కువగా ఎత్తున ఉన్న చల్లగాలే, నేలవేడి తగలదు. గుడారం గుమ్మంలోంచో, బండి కిటికీలోంచో తీస్తే లోపలి వెచ్చటి గాలి బయటికి పొర్లి లెన్స్ ముందే ఎండమావి తయారుచేస్తుంది. వెచ్చగా ఉన్న లెన్స్‌ని చలిలోకి తెస్తే హుడ్ లోపల కూడా అంతే. ఇరవై నిమిషాలు బయట పెట్టి చల్లారనిచ్చాకే ఫోకస్ మీద తీర్పు చెప్పండి. అప్పటికీ ముద్దగా ఉంటే చిరుతని చిన్నగా, కొండని పెద్దగా పెట్టి తీయండి. ఆ జంతువు ఎలాంటి చోట బతుకుతోందో చెప్పే షాట్ అదే. సగం ఫ్రేము నిండిన మసక మొహం కంటే పది రెట్లు నయం.

ప్రశ్న: మంచులో తీసిన వీడియో బూడిదరంగుగా వస్తోంది. సరిచేస్తే జంతువు నడక కుదుపులతో ఉంది.

జవాబు: రెండూ వేర్వేరు జబ్బులు. తెల్లటి మంచుని చూసి కెమెరా మీటరు బెదిరి వెలుగు తగ్గించేస్తుంది. దానికి 1 నుంచి 1.7 స్టాప్ దాకా పెంచండి, వెలుగు ఎక్కువైన చోట తెర మీద కనబడే జీబ్రా గీతల్ని 95 దగ్గర పెట్టుకుని, ఎండపడ్డ మంచు మీద అవి అప్పుడప్పుడే మొదలయ్యే చోట ఆగండి. వైట్ బ్యాలెన్స్ ఆటోలో వద్దు. మబ్బు దాటినప్పుడల్లా రంగు మారితే ఎడిటింగ్‌లో అతకదు.

కుదుపులకి కారణం షట్టర్. సెకనుకి 25 ఫ్రేములు తీస్తుంటే షట్టర్ 1/50 సెకను ఉండాలి, 50 ఫ్రేములకి 1/100. మీరు వెలుగు తట్టుకోలేక 1/2000కి పెంచి ఉంటారు. లాగ్‌లో (రంగులు తర్వాత దిద్దుకునేలా చప్పగా తీసే పద్ధతి) ఐఎస్ఓ 800, ఎఫ్/8, 1/50 పెట్టుకుంటే ఎండలో మంచుకి 7 స్టాప్‌ల ఎన్‌డీ (వెలుగు తగ్గించే నల్లటి ఫిల్టర్) కావాలి, అంటే ఎన్‌డీ 128. పెద్ద లెన్స్‌లకి వెనక భాగంలో చిన్న ఫిల్టర్ దూర్చే గాడి ఉంటుంది, అక్కడ మంచి గాజుది పెట్టండి. పొడవాటి లెన్స్ ముందు చవక ఎన్‌డీ తగిలించడం కంటే షట్టర్‌ని 1/200 దాకా పెంచి కొంచెం కుదుపుని భరించడమే మేలు. ఆ గాజు తినేసిన పదును తర్వాత ఏం చేసినా తిరిగి రాదు.

ప్రశ్న: సున్నాకి 20 డిగ్రీల కింద బ్యాటరీలు గంటలో చచ్చిపోతున్నాయి. రాత్రి గుడారంలోకి తెచ్చిన కెమెరా తెల్లారేసరికి లోపల మంచుపట్టి ఉంటోంది.

జవాబు: అవి చావలేదు, చలికి ముడుచుకున్నాయి. లిథియం అయాన్ బ్యాటరీ లోపలి రసాయన చర్య చలికి మందగిస్తుంది, కెమెరా అడిగినంత కరెంటు ఇవ్వలేక ఖాళీ అయినట్టు చూపిస్తుంది. తీసి ఒంటికి తగిలే లోపలి జేబులో అరగంట పెడితే మళ్లీ చాలా వరకు పనికొస్తుంది. రెండు జేబులు పెట్టుకోండి: కుడిది నిండువి, ఎడమది వాడినవి. చీకట్లో చేతి తొడుగులతో వెతుక్కునేటప్పుడు ఈ చిన్న అలవాటు విలువ తెలుస్తుంది. రాత్రి అన్నీ స్లీపింగ్ బ్యాగులోనే.

అసలు నష్టం ఛార్జింగులో జరుగుతుంది. సున్నా డిగ్రీల కింద లిథియం బ్యాటరీని ఛార్జ్ చేస్తే లోపల లిథియం లోహం పొరగా పేరుకుంటుంది, అది మళ్లీ బాగుపడదు. సోలార్ పలకని బయట ఎండలో పెట్టి, పవర్ బ్యాంకుని వైరుతో గుడారం లోపల వెచ్చటి చోట ఉంచండి. విమానంలో విడి బ్యాటరీలు చేతి సామానులోనే వెళ్లాలి. 100 వాట్-అవర్లు దాటితే విమాన సంస్థ ముందస్తు అనుమతి కావాలి, 160 దాటితే ప్రయాణికుల సామానులో ఒప్పుకోరు.

ఇక తేమ. చల్లటి లోహం వెచ్చటి తేమగాలికి తగిలితే నీరు పడుతుంది. గుడారంలో నలుగురి ఊపిరి చాలు. ఆ నీరే తెల్లారి గడ్డకడుతుంది. అందుకే లోపలికి తెచ్చే ముందే, బయటే, కార్డు, బ్యాటరీ తీసుకుని కెమెరాని గాలి చొరని జిప్ సంచిలో పెట్టి మూసేయండి. నీరు సంచి మీద పడుతుంది. రెండు గంటలాగి తెరవాలి. అంతకన్నా సులువు, కెమెరాని సంచితో సహా బయటే చలిలో వదిలేయడం. కెమెరాకి చలి కంటే చలి నుంచి వెచ్చదనానికి మారడమే ఎక్కువ ప్రమాదం. వ్యూఫైండర్ మీద ఊపిరి వదిలితే అది అక్కడే గడ్డకడుతుంది. గోటితో గీకొద్దు, మెత్తటి బ్రష్షుతో దులపండి.

ప్రశ్న: మాటులో మూడు గంటలు కూర్చుంటే కాళ్లు కొయ్యబారుతున్నాయి. చేతులు వెచ్చబెట్టే పొట్లాలు కూడా పైన సరిగ్గా పనిచెయ్యడం లేదు.

జవాబు: ఆ పొట్లాల్లో ఉన్నది ఇనుప రజను. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి తుప్పుపడుతూ వేడి పుట్టిస్తుంది. ఎత్తుకి వెళ్లేకొద్దీ ఆక్సిజన్ తక్కువ, బిగుతు బూటు లోపల మరీ తక్కువ. చేతి తొడుగులో వదులుగా పెట్టుకుంటే కొంత నయం. కాళ్లకి అసలు మందు కింద పరిచే దళసరి ఫోమ్, రెండు జతల మేజోళ్లు పట్టేంత వదులైన బూటు. మేజోళ్లు ఎక్కువై బూటు బిగిస్తే రక్తం ఆడక చలి ఇంకా పెరుగుతుంది. ఎక్కేటప్పుడు చెమట పట్టనివ్వొద్దు. కొంచెం చలేస్తుండగానే నడవండి, మాటు చేరాక లోపలి బనియన్ మార్చుకుని అప్పుడు దళసరి కోటు తొడగండి. నీళ్ల సీసా తలకిందులుగా పెట్టండి. మంచు పైన మొదలవుతుంది, మూత కింద ఉంటే బిగుసుకోదు.

మాటుకి చోటు చూసేటప్పుడు జంతువు కంటే ముందు మీ తల పైన ఉన్న వాలుని చూడండి. హిమపాతాలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలుల మీదే జారతాయి. కొత్తమంచు బాగా పడ్డాక, పెద్దగాలి వీచాక ఒకటి రెండు రోజులు అలాంటి వాలు కింద కూర్చోవద్దు. గట్టు అంచున ముందుకి వేలాడే మంచు చూరు మీద ట్రైపాడ్ పెట్టడం మరీ ప్రమాదం, దాని కింద నేల ఉండదు.

ప్రశ్న: కెమెరా ట్రాప్ (జంతువు దాటితే దానంతటదే తీసే పెట్టె) రెండు నెలలు పెట్టాం. నాలుగు వేల క్లిప్పులు వచ్చాయి. ఎండ, గడ్డి, మా కాళ్లు. ఒకే ఒక్క క్లిప్పులో చిరుత, అదీ తోక మాత్రమే!

జవాబు: తోక వచ్చిందంటే చోటు సరైందే. కెమెరా పెట్టిన తీరు మార్చాలి.

ఈ పెట్టెల్లో ఉండే పీఐఆర్ సెన్సర్ కదలికని ఒక్కదాన్నే చూడదు, చుట్టుపక్కలకంటే వేడిలో తేడా ఉన్నది కదలడాన్ని చూస్తుంది. ఎండకి కాగిన బండ ముందు ఊగే గడ్డి దానికి జంతువులాగే కనిపిస్తుంది. ముందు మూడు నాలుగు మీటర్ల దాకా గడ్డిపోచలు తీసేయండి. భూమధ్యరేఖకి ఉత్తరాన ఉన్న కొండల్లో కెమెరా మొహం ఉత్తరం వైపు ఉంచితే సూర్యుడు నేరుగా కొట్టడు. ఎదురుగా దూరపు ఆకాశం కాకుండా దగ్గర్లో నీడపట్టిన బండ ఉంటే ఇంకా మంచిది.

తోక మాత్రమే రావడానికి కారణం కోణం. దారికి అడ్డంగా పెడితే జంతువు ఒక్క క్షణంలో ఫ్రేము దాటేస్తుంది. సెన్సర్ మేలుకుని వీడియో మొదలయ్యేసరికి మిగిలేది తోకే. దారి వెంట చూసేలా 45 డిగ్రీలు తిప్పండి. అప్పుడది కెమెరా వైపు నడుస్తూ వస్తుంది, లేదా దూరమవుతూ పోతుంది, ఎలాగైనా కొన్ని సెకన్లు మిగులుతాయి. ఎత్తు నేల నుంచి 40–50 సెంటీమీటర్లు, అంటే చిరుత భుజానికి కాస్త కింద. దారి నుంచి దూరం మూడు మీటర్లు. పెట్టాక కెమెరా ముందు నాలుగు కాళ్ల మీద నడిచి పరీక్షించండి. నిలబడి నడిస్తే మీ ఎత్తుకి పనిచేసినట్టు తెలుస్తుంది గానీ, దాని ఎత్తుకి కాదు.

చెట్లు లేని చోట రాళ్లు పేర్చి అందులో బిగించాలి. పేర్చిన రాళ్లు మంచు కరిగినప్పుడు కుంగుతాయి, కెమెరా నేలని చూస్తూ ఉండిపోతుంది. అడుగున పెద్ద బల్లపరుపు రాయి, పక్కల్లో చిన్నరాళ్ల చీలికలు దిగ్గొట్టి కదలకుండా చేయండి. పెద్దమంచు పడే చోట గాలి ఊడ్చుకుపోయే గట్టు మీద పెడితే పూడిపోదు.

బ్యాటరీలు తిరిగి ఛార్జ్ అవ్వని లిథియం ఏఏవే వాడండి. సున్నాకి 40 డిగ్రీల కింద దాకా పనిచేస్తాయి. ఆల్కలైన్‌వి మొదటి గట్టి చలి రాత్రికే చేతులెత్తేస్తాయి. రాత్రి వెలుగుకి 940 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ ఉన్న రకం చూడండి. 850 రకం ఎక్కువ దూరం వెలిగిస్తుంది, కానీ ఎర్రటి చుక్క కనబడుతుంది, కొన్ని జంతువులు దానివైపు చూసి దారి మార్చుకుంటాయి. తేదీ, సమయం సరిచూడకుండా తలుపు మూయొద్దు. వాసన చల్లిన బండని ముట్టుకోవద్దు. ఎర పెట్టొద్దు. అటుగా వెళ్లే పశువుల కాపరులు రికార్డయితే ఆ క్లిప్పులు చెరిపేయండి.

ప్రశ్న: డ్రోన్ ఎంత ఎత్తులో ఎగరేస్తే జంతువు బెదరదు?

జవాబు: బెదరలేదని మీకు పైకి కనబడటం వేరు, దాని ఒంట్లో జరిగేది వేరు. అమెరికాలోని మిన్నెసోటాలో నల్ల ఎలుగుబంట్లకి గుండె వేగం కొలిచే పరికరాలు అమర్చి చేసిన పరిశీలన 2015లో అచ్చయింది. డ్రోన్ పైన తిరిగినప్పుడు అవి చాలావరకు పారిపోలేదు, కానీ గుండె వేగం మాత్రం పెరిగింది. ఒకదానికైతే నిమిషానికి 41 నుంచి 162కి. కొండమేకల పిల్లలకి పై నుంచి వచ్చే ప్రమాదం గద్ద, మీ డ్రోన్ వాటికి అలాగే కనబడొచ్చు. చరియ మీద ఉన్న మంద బెదిరితే జారిపడే ప్రమాదం కూడా ఉంది. జంతువులు లేనప్పుడు లోయ, గట్టు, నది చూపించడానికి, అదీ అక్కడి నిబంధనలు ఒప్పుకుంటేనే వాడండి. పలచటి గాలిలో రెక్కలకి పట్టు తక్కువ, చలికి బ్యాటరీ తక్కువ. 30 శాతం దగ్గర కాకుండా 50 శాతం దగ్గరే వెనక్కి తిప్పండి.

ప్రశ్న: 4,000 మీటర్ల పైన చిత్రీకరణకి ఒక్కరోజులో వాహనంలో చేరుకోవచ్చు. సెలవు తక్కువ. ఏమైనా ఇబ్బందా?

జవాబు: ఇబ్బందే. 3,500 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి సముద్ర మట్టంలో ఉండేదాంట్లో 65 శాతం. 5,000 దగ్గర దాదాపు సగం. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకి 500 మీటర్లకి మించి పెంచకూడదు, మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఆగాలి. పగలు పైకెక్కి తీసుకుని రాత్రికి కిందికి దిగి పడుకోవచ్చు.

తలనొప్పి, వికారం, నిద్రపట్టకపోవడం మొదలైతే ఇంకా పైకి వెళ్లొద్దు. తగ్గకపోతే దిగాలి. మడమకి బొటనవేలు ఆనించి సరళరేఖ మీద నడవమనండి, తూలితే మెదడు వాపు అనుకోవాలి. కూర్చున్నా ఆయాసం, దగ్గు ఉంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోంది. రెండిటికీ వెంటనే దిగడమే చికిత్స, అర్ధరాత్రయినా సరే, ఆక్సిజన్ ఉంటే పెట్టి మరీ. తెల్లవారాక చూద్దాం అన్న మాటే ప్రాణం తీస్తుంది. ఎత్తు జబ్బు రాకుండా ముందు జాగ్రత్తగా ఎసిటజోలమైడ్ మాత్రలు వాడొచ్చా లేదా అన్నది బయల్దేరక ముందే వైద్యుణ్ణి అడగండి, ముఖ్యంగా సల్ఫా మందులు పడనివారు. బరువులు మోసే సహాయకులకి కూడా ఈ నియమాలే. వాళ్లు తలనొప్పిని బయటికి చెప్పకపోవచ్చు, మీరే అడగాలి.

ప్రశ్న: ట్రైపాడ్‌కి సంచి వేలాడదీసినా వణుకుతోంది.

జవాబు: గాలిలో వేలాడే సంచి గడియారం లోలకంలా ఊగి వణుకు పెంచుతుంది. సంచి అడుగు నేలకి ఆనేలా తాడు సరిచేయండి. మధ్య కడ్డీ పైకి లేపొద్దు. మీరు కూర్చుని తీసేంత ఎత్తు చాలు. లోతు మంచులో కాళ్లని పూర్తిగా విడదీసి నొక్కితే అవి దిగబడేకొద్దీ బయటికి జరిగి కార్బన్ కాలు విరిగే అవకాశం ఉంది. కొంచెం ముడిచి పెట్టి, మంచు తొక్కి గట్టిపడ్డాక విడదీయండి. కెమెరాని తిప్పే ఫ్లూయిడ్ హెడ్‌లోని గ్రీజు చలికి బిగుస్తుంది కాబట్టి డ్రాగ్ (తిప్పేటప్పటి బిగుతు) ఒకటి రెండు అంకెలు తగ్గించి, తీయబోయే ముందు పదిసార్లు అటూ ఇటూ తిప్పండి.

ప్రశ్న: దూరం నుంచి తీసిన వీడియోలో గాలి హోరు తప్ప శబ్దమే లేదు.

జవాబు: ఉండదు. అర కిలోమీటరు అవతలి అడుగుల చప్పుడు ఏ మైకుకీ అందదు. ఆ చోటు శబ్దాన్ని విడిగా రికార్డు చేసుకోండి: గాలి ఆగిన వేళ తెల్లవారుజామున పది నిమిషాలు, వాగు దగ్గర ఐదు, రాళ్లు జారే వాలు కింద ఐదు. మైకుకి ఫోమ్ తొడుగు కొండగాలికి చాలదు, దాని పైన బొచ్చు తొడుగు కూడా కావాలి. రికార్డరుని బండ వెనక వదిలి మీరు యాభై అడుగులు దూరం పోండి, లేకపోతే మీ కోటు గరగరలే వస్తాయి.

ప్రశ్న: రోజూ వీడియోలు కాపీ చేసుకోవడానికి పాత పోర్టబుల్ హార్డ్ డిస్కు తీసుకెళ్లొచ్చా?

జవాబు: వద్దు. తిరిగే డిస్కు మీద రీడింగ్ హెడ్ సన్నటి గాలి పొర మీద తేలుతుంది. అందుకే ఈ డిస్కులు చాలావాటిని సుమారు 3,000 మీటర్ల దాకానే నడపమని తయారీదారులు రాస్తారు. గాలి పలచబడితే హెడ్ డిస్కుకి తగిలి గీసేస్తుంది. తిరిగే భాగాలే లేని ఎస్ఎస్‌డీకి ఆ బాధ లేదు. సెకనుకి 100 మెగాబిట్ల వీడియో గంటకి 45 గిగాబైట్లు, 200 అయితే 90. రెండు ఎస్ఎస్‌డీల్లో రెండు కాపీలు, రెండు వేర్వేరు సంచుల్లో. రెండోది సరిచూసే దాకా కార్డు చెరపొద్దు.

ప్రశ్న: కొండ గూట్లో మంచు చిరుత పిల్లలున్న చోటు అనుకోకుండా కనబడింది. తల్లి లేదు. ఎన్ని రోజులు, ఎంత దూరం నుంచి తీయొచ్చు?

జవాబు: ఒక్కరోజు కూడా వద్దు. తల్లి వేటకి వెళ్లి ఉంటుంది, పిల్లల్ని వదిలేసిందని అనుకోవద్దు. మీ వాసన తగిలితే పిల్లల్ని వేరే చోటికి మార్చే ప్రయత్నం చేయొచ్చు, ఆ మార్పులో పిల్లలు పోవచ్చు. మీరు వేసిన కాలిబాట మీదుగా తోడేలో నక్కో అక్కడికి చేరొచ్చు. వచ్చిన దారినే వెంటనే వెనక్కి నడవండి, కెమెరా ట్రాప్ కూడా అక్కడ వదలొద్దు. పిల్లలు మూడు నెలలకి తల్లి వెంట నడవడం మొదలుపెడతాయి, ఏడాదిన్నర వయసు దాటే దాకా దానితోనే తిరుగుతాయి. అవతలి గట్టు మీద కూర్చుంటే ఆ కాలంలో దొరికే షాట్లే మీకు కావాల్సినవి. ఇప్పటికే ఏమైనా తీసి ఉంటే ఎవరికీ పంపే ముందు ఫైళ్లలోని జీపీఎస్ వివరాలు తీసేయండి. వెనక గుర్తుపట్టగల శిఖరం కనబడే షాట్లని ఆ కుటుంబం గూడు విడిచే దాకా బయట పెట్టకండి.